పురుగులు మాయమైన నది

తొలకరి వాన కురిసిన రాత్రి మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. దీపం వెలిగించగానే, ఎక్కడినుంచి వస్తాయో గాని, వందల కొద్దీ ఉసిళ్ళు వచ్చి ముసురుకుంటాయి. అన్నం తిననివ్వవు, చదువుకోనివ్వవు. అప్పుడు అమ్మమ్మ ఏం చేస్తుంది? వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి దీపం కింద పెడుతుంది. వెలుగు కోసం వచ్చిన ఉసిళ్ళు నీళ్ళలో మెరిసే వెలుగును చూసి అందులో పడిపోతాయి. తెల్లారి చూస్తే పళ్ళెం నిండా రెక్కలే!

ఈ పళ్ళెం పద్ధతితోనే అమెరికాలో శాస్త్రజ్ఞులు ఒక పెద్ద నదికి పట్టిన జబ్బేమిటో కనిపెట్టారంటే నమ్ముతారా? వాళ్ళ పళ్ళెం ఒక ప్లాస్టిక్ డబ్బా. నీళ్ళకు బదులు ఆల్కహాలు. దీపం, బ్యాటరీతో వెలిగే ఊదారంగు దీపం. మిగతాదంతా అమ్మమ్మ పద్ధతే. కాకపోతే ఆ డబ్బాను ఒక్కచోట పెడితే చాలలేదు. రబ్బరు తెప్పల మీద దాదాపు 400 కిలోమీటర్ల నదిని దాటుతూ, ప్రతి రాత్రీ ఒక కొత్త ఒడ్డున పెట్టవలసి వచ్చింది. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

బండి వెళ్ళని నది

కడప జిల్లాలోని గండికోట చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. అక్కడ పెన్నా నది కొండను నిలువునా కోసుకుని, రెండు పక్కలా నిలబడ్డ ఎర్రటి రాతి గోడల నడుమ, ఎక్కడో అడుగున పారుతూ కనిపిస్తుంది. అంచున నిలబడి కిందికి చూస్తే కాళ్ళు వణుకుతాయి. లోతు సుమారు 100 మీటర్లు. ఆ గండి అంతకు పదహారు రెట్లు లోతుగా ఉందనుకోండి. పొడవు 446 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాదు నుంచి రాజమండ్రి దాకా ఉందనుకోండి. అదే అరిజోనా రాష్ట్రంలోని గ్రాండ్ కాన్యన్. దాన్ని కోసినది కొలరాడో నది.

ఈ మహా గండిలో నది పక్కన రోడ్డు లేదు. లీస్ ఫెర్రీ అనే చోట బండి నీళ్ళ దాకా వెళుతుంది. మళ్ళీ బండి నీళ్ళ దాకా దిగగలిగేది అక్కడికి 360 కిలోమీటర్ల దిగువన, డైమండ్ క్రీక్ అనే వాగు దగ్గర. మధ్యలో ఎక్కడైనా దిగాలంటే కొండదారిన కాలి నడకనో, కంచరగాడిదనెక్కో దిగాలి. కాబట్టి ఈ నదిని గురించి ఎవరికి ఏ సంగతి కావాలన్నా నీటి మీద తేలుతూ పోవలసిందే. పనిముట్లు, తిండి, పక్కబట్టలు అన్నీ వెంట తీసుకుపోవలసిందే.

ఈ పని మొదట చేసినవాడు జాన్ వెస్లీ పావెల్. భూగర్భ శాస్త్రజ్ఞుడు. అంతర్యుద్ధంలో 1862లో ఆయనకు కుడిచెయ్యి పోయింది. ఒంటి చేతితోనే 1869 మే 24న, 4 చెక్క పడవలతో, మరో 9 మందితో బయలుదేరాడు. రెండు వారాలు గడవగానే ఒక పడవ బండకు కొట్టుకుని ముక్కలైంది. ఎత్తులు కొలిచే బారోమీటర్లన్నీ పొరపాటున ఆ పడవలోనే పెట్టారు! బారోమీటరు లేకపోతే తాము సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నారో, ఇంకా ఎంత దిగవలసి ఉందో తెలియదు. మర్నాడు ఇద్దరు మనుషులు ప్రాణాలకు తెగించి, రాళ్ళ మధ్య చిక్కిన ఆ పడవ ముక్క దాకా వెళ్ళి బారోమీటర్లు తెచ్చారు. వాటితోపాటు పావెల్‌కు తెలియకుండా దాచుకున్న విస్కీ పీపాను కూడా తెచ్చారు. వాళ్ళ తెగువకు ఈ రెంటిలో ఏది ఎక్కువ కారణమో చెప్పడం కష్టం. ప్రయాణం చివరకు వచ్చేసరికి మిగిలిన తిండి బూజుపట్టిన పిండి, ఎండు ఆపిల్ ముక్కలు, కాఫీ. మిగిలిన పడవలు 2, మనుషులు 6 గురు. గమ్యం ఇక ఎంతో దూరం లేదనగా ఆగస్టు 28న ముగ్గురు, ముందున్న నీటి దూకుడును చూసి భయపడి, గోడ ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మనకు ఇంకా ముఖ్యమైన ప్రయాణం 1938లో జరిగింది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్జాడా క్లోవర్, లోయిస్ జాటర్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు, ఇద్దరూ స్త్రీలు, జూన్ 20న యూటా రాష్ట్రం నుంచి చెక్క పడవల్లో బయలుదేరారు. క్లోవర్‌కు 41 ఏళ్ళు, జాటర్‌కు 24. ఆడవాళ్ళకు ఇదేం పని అని పత్రికలు రాశాయి. వాళ్ళు దారి పొడుగునా మొక్కలు కోశారు, కాగితాల మధ్య అదిమి ఎండబెట్టారు, తడిసిన కాగితాలను మళ్ళీ ఆరబెట్టారు. పైగా అందరికీ వంట కూడా వాళ్ళే చెయ్యవలసి వచ్చింది. (వంట అంతా ఆ ఇద్దరికే ఎందుకు వదిలేశారో ఆ పడవల్లోని మగవాళ్ళను అడగాలి!) ఆగస్టు 1 నాటికి గండి దాటారు. అంతవరకు శాస్త్రానికి తెలియని జెముడు రకాలు వాళ్ళకు దొరికాయి.

ఆ మొక్కల పట్టీ విలువ పాతికేళ్ళ తరవాత తెలిసింది. ఎందుకంటే 1963లో ఈ నది మారిపోయింది. మారక ముందు ఒడ్డున ఏయే మొక్కలు ఉండేవో చెప్పడానికి వాళ్ళిద్దరి పట్టీయే దిక్కయింది. పురుగుల విషయంలో మనకు అంత అదృష్టం లేదు. అలాంటి పట్టీని ఎవరూ వేసి ఉంచలేదు.

గోడ కట్టిన తరవాత

గండికి ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు మూసింది 1963లో. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఎత్తు 216 మీటర్లు. 8 టర్బైన్లతో పడమటి రాష్ట్రాలకు విద్యుత్తునిస్తుంది.

స్పానిష్ భాషలో కొలరాడో అంటే ఎర్రనిది అని అర్థం. ఆనకట్ట రాకముందు నది పేరుకు తగ్గట్టే ఉండేది. వేసవి మొదట్లో మంచు కరిగి ఎర్రటి వరద వచ్చేది. చలికాలంలో నీరు గడ్డకట్టేటంత చల్లగా ఉంటే, వేసవిలో గోరువెచ్చగా ఉండేది. ఆనకట్ట వచ్చాక మట్టి, ఇసుక అంతా జలాశయం అడుగున దిగిపోయాయి. దిగువకు వచ్చే నీరు గాజులా తేటగా మారింది. జలాశయం లోతు నుంచి వస్తుంది గనుక, నిండుగా ఉన్న ఏళ్ళలో ఆ నీటి ఉష్ణోగ్రత ఎండాకాలంలో కూడా 10 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండేది. ఇసుక రాకపోవడంతో ఒడ్డున ఉన్న ఇసుక తిన్నెలు ఏడాదికేడాది అరిగిపోయాయి. వాటిని మళ్ళీ నిలబెట్టాలని 1996లో వారం రోజులపాటు ఆనకట్టనుంచి కావాలనే వరద వదిలారు. అది వేరే పెద్ద కథ. మన పని ఇప్పుడు పురుగులతో.

ఆనకట్ట తెచ్చిన మరో మార్పు చూడడానికి చాలా చిన్నది. జనం పగలంతా, సాయంత్రం పొద్దుపోయేదాకా కరెంటు ఎక్కువ వాడతారు. ఎడారి ఊళ్ళు కదా, ఎండ మండేకొద్దీ గది చల్లబరిచే యంత్రాలు ఎక్కువ తిరుగుతాయి. అప్పుడు టర్బైన్లలోకి నీళ్ళు ఎక్కువ వదులుతారు. అర్ధరాత్రి దాటాక అంతా నిద్రపోతారు, కరెంటు వాడకం తగ్గుతుంది, నీళ్ళూ తగ్గిస్తారు. దాంతో నదికి ప్రతిరోజూ ఒక పోటు, ఒక పాటు! మచిలీపట్నం, కాకినాడ పిల్లలకు సముద్రపు పోటుపాట్లు తెలుసు. వాటికి కారణం చంద్రుడు. ఈ నది పోటుకు కారణం ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఎవరో నొక్కే కరెంటు మీట.

1991కి ముందు ఈ పోటు కొన్ని రోజుల్లో 3 మీటర్లు కూడా దాటేది. తరవాత నియమాలు పెట్టి తగ్గించారు. అయినా చోటును బట్టి అర మీటరు, ఇరుకైన చోట్ల అంతకన్నా ఎక్కువ, నీటిమట్టం రోజూ లేస్తూ దిగుతూ వచ్చింది. అర మీటరే కదా అంటారేమో! చూడండి మరి.

తెప్ప మీద రెండు వారాలు

ఇప్పుడు ఈ నది మీద తిరిగేవి ఎక్కువగా గాలి నింపిన రబ్బరు తెప్పలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న రబ్బరు తెప్పలతో ఈ అలవాటు మొదలైంది. బండకు కొట్టుకుంటే చెక్క పడవ పగులుతుంది, రబ్బరు తెప్ప బంతిలా వెనక్కి వస్తుంది. ఒక్కొక్కటి 5 మీటర్లకు పైగా పొడుగు. మధ్యలో ఇనప చట్రం, దాని మీద కూర్చుని పెద్ద తెడ్లు వేసే మనిషి, ముందూ వెనకా తాళ్ళతో బిగించిన పెట్టెలు. తాడు వదులైన పెట్టె నదిపాలు. అందుకని పరిశోధకుడు మొదట నేర్చుకునేది నమూనా తియ్యడం కాదు, ముడి వెయ్యడం.

తెడ్లతో పోతే లీస్ ఫెర్రీ నుంచి డైమండ్ క్రీక్‌కు సుమారు రెండు వారాలు. చాలాసేపు నది మెల్లగా, నిశ్శబ్దంగా పోతుంది. పైన ఆకాశం ఒక నీలం పట్టీలాగా కనిపిస్తుంది. ఇంతలో ముందునుంచి రైలు వస్తున్నట్టు హోరు. పక్క వాగులు వరదల్లో దొర్లించి తెచ్చిన బండలు నదికి అడ్డంపడి, నీరు వాటి మీదనుంచి నురగలు కక్కుతూ దూకే చోటది. అందరూ తాళ్ళు పట్టుకుంటారు. వేసవిలో బయట 40 డిగ్రీల పైన ఎండ, మీద పడే నీరు మంచులా చల్లన. ఆ దెబ్బకు అరవనివాళ్ళుండరు.

సాయంత్రం ఒక ఇసుక తిన్నె చూసి ఆగుతారు. తెప్పలు కట్టేసి, గొలుసుకట్టుగా నిలబడి, చేతికి చెయ్యి అందిస్తూ సామాను దింపుతారు. ఈ గండిలో ఒక కఠినమైన నియమం ఉంది. తెచ్చినదేదీ ఒడ్డున వదలకూడదు. ఉల్లిపొట్టు, కాఫీ పిప్పి, ఆఖరుకు మనుషుల మలం కూడా పెట్టెల్లో బిగించి బయటికి మోసుకుపోవలసిందే! పూర్వం ఇందుకు సైన్యం వాడి పారేసిన తూటాల పెట్టెలు వాడేవారు. వాటి అంచుల మీద కూర్చుంటే వెనక రెండు గాడులు పడేవట. అందుకని ఆ పెట్టెకు గాడులు పెట్టేది అనే అర్థంలో ‘గ్రూవర్’ అని పేరు వచ్చింది. ఇప్పుడు సుఖంగా కూర్చునే మూతలు వచ్చాయి గాని పేరు మాత్రం మారలేదు.

ఇక రాత్రి కొత్తవాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పోటు సమయంలో చేరి, తెప్పను ఒడ్డు అంచున కట్టి హాయిగా పడుకుంటారు. తెల్లారి లేచి చూస్తే నది నాలుగు గజాలు వెనక్కి పోయి ఉంటుంది. తెప్ప పొడి ఇసుక మీద కూర్చుని ఉంటుంది. పెట్టెలతో కలిపి అది ఎంత బరువో! అందరూ కలిసి నెట్టినా కదలదు. సామానంతా దింపాలి, లేదా నీరు మళ్ళీ పెరిగేదాకా కాచుకోవాలి. అనుభవమున్న తెప్పవాళ్ళు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పోటా పాటా చూసుకుని మరీ పడుకుంటారు.

ఈ ఇసుకలో ఇరుక్కున్న తెప్పను గుర్తు పెట్టుకోండి. దీనితో మనకు పని ఉంది.

డబ్బా, దీపం, ఒక గంట

కొలరాడో నదిని పరీక్షించే శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా ఒక అనుమానం. నదిలో ఉండవలసిన పురుగులు లేవు. మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు, కాడిస్‌ఫ్లైలు అని మూడు రకాల కీటకాలున్నాయి. మంచి నది అనడానికి ఇవి గుర్తు. ఇవి పిల్ల దశలో నెలల తరబడి నీటి అడుగున రాళ్ళను పట్టుకుని బతుకుతాయి. తరవాత రెక్కలు వచ్చి పైకి ఎగిరి, కొద్దిరోజుల్లో గుడ్లు పెట్టి చనిపోతాయి. చేపలకు, గబ్బిలాలకు, పిట్టలకు, బల్లులకు, సాలెపురుగులకు ఇవే ఆహారం. గండిలోని పక్క వాగుల్లో ఈ పురుగులు బాగానే ఉన్నాయి. జలాశయానికి ఎగువన ఇదే నదిలో కూడా ఉన్నాయి. ఆనకట్ట కిందనే కరువు! ఉన్నవల్లా ఎక్కువగా దోమలాగా ఉండి, కుట్టని మిడ్జ్ అనే చిన్న పురుగులు, మరి రెండు మూడు రకాలు.

తిండి లేకపోతే చేపలకు కష్టమే కదా! ఈ నదిలో, దీని ఉపనదుల్లో తప్ప ఎక్కడా కనబడని హంప్‌బాక్ చబ్ అనే చేప ఉంది. తల వెనక గూనితో వింతగా ఉంటుంది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలోకి ఇది 1967లోనే ఎక్కింది. దాని తిండిలో ముఖ్యమైనవి ఈ పురుగులే.

మరి పురుగులు ఎందుకు లేవు? చల్లటి నీరు కారణమన్నారు కొందరు. తేట నీరన్నారు, మట్టి రాకపోవడమన్నారు. తేల్చుకోవాలంటే పురుగులు ఎక్కడ ఎన్ని ఉన్నాయో ముందు లెక్క తెలియాలి. ఏడాదికి రెండు మూడు సార్లు శాస్త్రజ్ఞులు తెప్ప వేసుకుని వెళ్ళి తెచ్చే నమూనాలు ఇందుకు చాలవు. ఒక రాత్రి గాలి వీస్తే పురుగు రాదు, మరో రాత్రి పుట్టలు పుట్టలుగా వస్తుంది. కనీసం వందల రాత్రులు కావాలి.

అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన థియొడోర్ కెనడీ, ఆయన సహచరులు అప్పుడు ఒక మంచి ఆలోచన చేశారు. యాత్రికులను తెప్పల మీద తీసుకుపోయేవాళ్ళు నదిలో ఎలాగూ తిరుగుతూనే ఉంటారు కదా! డబ్బాలు వాళ్ళకే ఇస్తే? 2012లో ఇచ్చారు. కొందరు తెప్పవాళ్ళు, వాళ్ళతో ప్రయాణించే యాత్రికులు, మీవంటి హైస్కూలు విద్యార్థుల బృందాలు కూడా ఈ పనిలో చేరారు.

పని చాలా తేలిక. పొద్దు గూకగానే నీటి అంచున డబ్బా పెట్టాలి. అందులో కొంచెం ఆల్కహాలు పొయ్యాలి. అంచు మీద దీపం పెట్టి వెలిగించాలి. సరిగ్గా ఒక గంట. తరవాత దీపం ఆర్పి, పురుగులతో సహా ఆల్కహాలును సీసాలోకి వంపి మూత బిగించాలి. తేదీ, చోటు, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, గాలి, వాన సంగతి రాసిపెట్టాలి. అంతే. గంటను గంటంబావు చేస్తే లెక్క పాడవుతుంది. వేళ రాయని సీసా పనికిరాదు.

2014 చివరకు 2,500 పైగా సీసాలు పోగయ్యాయి. వాటిని తెరిచి, భూతద్దాల కింద ఒక్కొక్క పురుగునూ లెక్కపెట్టడం ప్రయోగశాలవాళ్ళ వంతు. ఇంత గొప్ప ఓపిక మనలో ఎంతమందికి ఉంటుంది?

ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ

లెక్క పూర్తయ్యాక వచ్చిన చిత్రం ఎవరూ ఊహించనిది. మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు, కాడిస్‌ఫ్లైలు దాదాపు లేవు. ఇది అనుకున్నదే. కాని మిడ్జ్‌ల సంఖ్య ఆనకట్టనుంచి దిగువకు పోయేకొద్దీ క్రమంగా పెరగలేదు, తగ్గనూ లేదు. పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగి, తగ్గి, అలలాగా నడిచింది! నీరు చల్లగా ఉండడమే కారణమైతే, దిగువకు పోయేకొద్దీ నీరు వేడెక్కుతుంది గనుక పురుగులు క్రమంగా పెరగాలి. అలా కాక ఈ అల ఏమిటి?

ఇది అర్థం కావాలంటే రైలును తలుచుకోండి. రాత్రి మద్రాసులో బయలుదేరిన మెయిలు ఒంగోలుకు ఒక వేళకు, విజయవాడకు ఒక వేళకు, రాజమండ్రికి మరో వేళకు వస్తుంది. రోజూ అంతే. నదిలో పాటు కూడా అలాంటి రైలే. ఆనకట్ట దగ్గర అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంది, దిగువకు పోతూ ఒక్కో చోటికి ఒక్కో వేళకు చేరుతుంది. ఆఖరి చోటికి చేరడానికి రెండు రోజులకు పైగా పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. పాటు తెల్లవారుజామున 2 గంటలకు ఆనకట్ట దగ్గర బయలుదేరి, గంటకు 6 కిలోమీటర్ల చొప్పున పోతుందనుకుందాం. అది 18 గంటల్లో 108 కిలోమీటర్లు పోతుంది. అప్పుడు టైము రాత్రి 8. అంటే 108వ కిలోమీటరు దగ్గర, ప్రతిరోజూ పొద్దు గూకే వేళకే నీరు తక్కువగా ఉంటుంది. మరి 180వ కిలోమీటరు దగ్గర? అక్కడికి 30 గంటలు పడుతుంది. పాటు ఉదయం 8కి వస్తుంది. కాబట్టి సాయంత్రం 8కి అక్కడ పోటు. పొద్దు గూకే వేళకు పాటు వచ్చే రెండో చోటు ఎక్కడో మీరే లెక్క కట్టండి. (252 వచ్చిందా? సరిపోయింది.)

నిజమైన నది లెక్క ఇంత గుండ్రంగా ఉండదు. కాని సూత్రం ఇదే. శాస్త్రజ్ఞులు పోటుపాట్ల వేళలను, డబ్బాల్లో పడిన పురుగుల లెక్కను పక్కపక్కన పెట్టి చూశారు. పొద్దు గూకే వేళకు నీరు తక్కువగా ఉండే చోట్ల మిడ్జ్‌లు ఎక్కువ. ఆ వేళకు నీరు ఎక్కువగా ఉండే చోట్ల మిడ్జ్‌లు తక్కువ!

కారణం? ఈ జాతి కీటకాలు చాలావరకు గుడ్లు పెట్టేది సాయంత్రపు వెలుగు తగ్గేటప్పుడు. పెట్టేది నది మధ్యలో కాదు, అంచునే. ఆడపురుగు నీటి అంచున ఉన్న రాయి మీదికి వచ్చి, నీటిమట్టానికి కాస్త దిగువన గుడ్లను జిగురుతో అంటిస్తుంది. కోట్ల సంవత్సరాలుగా దానికి తెలిసిన నది ఒక్క రాత్రిలో అర మీటరు దిగిపోయేది కాదు. పోటు వేళ అంటించిన గుడ్లు తెల్లారేసరికి గాలిలో తేలతాయి. ఎడారి ఎండకు కొన్ని గంటల్లో ఎండి చచ్చిపోతాయి. పాటు వేళ అంటించిన గుడ్ల సంగతి వేరు. తరవాత నీరు పెరుగుతుందే గాని అంతకన్నా తగ్గదు. అవి తడిగానే ఉండి పొదుగుతాయి.

ఇసుకలో ఇరుక్కున్న తెప్ప గుర్తుందా? గుడ్డుకు జరిగింది అదే. కాకపోతే తెప్పను మర్నాడు నీరు వచ్చి లేపుతుంది, గుడ్డును లేపదు.

మిడ్జ్‌లు ఎలాగో తట్టుకుని మిగిలాయి. రాళ్ళ అంచులనే నమ్ముకున్న మేఫ్లై, కాడిస్‌ఫ్లై వంటివి తట్టుకోలేకపోయాయి. పడమటి అమెరికాలోని మరికొన్ని ఆనకట్టల దిగువన కూడా చూశారు. రోజువారీ పోటుపాట్లు పెద్దవిగా ఉన్న నదుల్లో ఈ కీటక జాతులు తక్కువ, పోటుపాట్లు చిన్నవైన చోట ఎక్కువ. ఈ ఫలితాలు 2016లో ‘బయోసైన్స్’ పత్రికలో అచ్చయ్యాయి.

ఇప్పుడు చెప్పండి, డబ్బాను ఒక్కచోటే పెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదా? ఒకచోట పెట్టినవాడు పురుగులు బోలెడున్నాయనేవాడు. మరోచోట పెట్టినవాడు అసలే లేవనేవాడు. అల ఆకారం కనబడాలంటే నది పొడవునా రాత్రికొక చోట మజిలీ చేస్తూ పోవలసిందే.

పురుగులకు శని, ఆదివారాలు

జబ్బు తెలిసింది. మందేమిటి? ఆనకట్టను పడగొట్టరు. ఊళ్ళకు కరెంటు కావాలి, పొలాలకు నీళ్ళు కావాలి. పోటుపాట్లు పూర్తిగా మానితే, సరిగ్గా జనానికి అవసరమైన వేళ కరెంటు తగ్గిపోతుంది. అది డబ్బుతో కూడిన వ్యవహారం. ఎవరూ ఒప్పుకోరు.

శాస్త్రజ్ఞులు అడిగింది చాలా చిన్న కోరిక. వారంలో రెండు రోజులు ఇవ్వండి చాలు అన్నారు. శని, ఆదివారాల్లో ఆఫీసులు, కార్ఖానాలు చాలావరకు మూసి ఉంటాయి, కరెంటు వాడకం ఎలాగూ తక్కువ. ఆ రెండు రోజులూ నీటిని తక్కువ మట్టంలో, మార్పు లేకుండా వదలాలి. అప్పుడు పెట్టిన గుడ్లు నదంతటా తక్కువ మట్టంలోనే అంటుకుంటాయి. సోమవారం నుంచి నీరు పెరిగినా, ఎంత పాటు వచ్చినా, ఆ గుడ్లు బయటపడవు. ఈ ఉపాయం నాకు భలే నచ్చింది. పురుగులకు వారాంతపు సెలవు ఇవ్వడమన్నమాట!

2018 మే నుంచి ఆగస్టు దాకా మొదటిసారి ఇలా చేశారు. తెప్పలు మళ్ళీ డబ్బాలతో బయలుదేరాయి. ఆ వేసవిలో డబ్బాల్లో కాడిస్‌ఫ్లైలు అంతకు ముందటేడు కంటే చాలా ఎక్కువగా పడ్డాయి. మిడ్జ్‌లు కూడా మామూలు రోజులకంటే శని, ఆదివారాల్లో ఎక్కువగా ఎగిరాయి. ఒక్క ఏడాది చూసి పండగ చేసుకోకూడదు కదా, అందుకని 2019, 2020 వేసవుల్లోనూ, తరవాత 2022లోనూ మళ్ళీ చేశారు. గూని చేప కూడా కొంత కోలుకుంది. 2021లో దాన్ని ఎక్కువ ప్రమాదపు జాబితానుంచి తక్కువ ప్రమాదపు జాబితాకు మార్చారు. ఆ చేపను కాపాడడానికి జరిగిన పనులు ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి ఆ ఘనతనంతా మన డబ్బాలకు కట్టబెట్టడం న్యాయం కాదు.

ఇంతలో కొత్త చిక్కు వచ్చిపడింది. ఏళ్ళ తరబడి వానలు తగ్గి జలాశయం మట్టం బాగా పడిపోయింది. పూర్వం లోతునుంచి చల్లటి నీరు టర్బైన్లలోకి వచ్చేది. ఇప్పుడు పై పొరలోని వెచ్చటి నీరు వస్తోంది. ఆ నీటితోపాటు, జలాశయంలో పెరిగే స్మాల్‌మౌత్ బాస్ అనే తిండిపోతు చేపలు టర్బైన్లు దాటి దిగువకు వచ్చాయి. 2022 వేసవిలో అవి అక్కడ పిల్లలు పెడుతున్నట్టు కనిపెట్టారు. వాటికి గూని చేప పిల్లలంటే మహా ఇష్టం. నీరు చల్లబడితే బాస్ గుడ్లు పెట్టదు. అందుకని 2024 వేసవిలో, టర్బైన్లకు దిగువనున్న వేరే గొట్టాలగుండా లోతునుంచి చల్లటి నీటిని వదిలారు. ఆ గొట్టాల నీటితో విద్యుత్తు పుట్టదు, నష్టమే. అయినా వదిలారు.

ఒకప్పుడు పురుగులు లేకపోవడానికి చల్లటి నీరే కారణమన్నారు. ఇప్పుడు అదే చల్లటి నీటిని ఒక చేపను కాపాడడానికి కావాలని వదలవలసి వచ్చింది! మరి కాడిస్‌ఫ్లైలు ఆ నీటికి ఏమంటాయో? ఆ సంగతి చెప్పవలసింది మళ్ళీ ఇసుక తిన్నె మీద, పొద్దు గూకాక, ఒక గంటసేపు వెలిగే ఆ ఊదారంగు దీపమే.